నాలుగు గదుల కిటికీ, అయిదు మార్కులు

‘నేనెవరు?’ అన్న ప్రశ్న పట్టుకుని రమణ మహర్షి 1896 నుంచి 1950 దాకా అరుణాచలం విడిచి వెళ్ళలేదు. సిలబస్ లేదు పాపం ఆయనకు. మన నర్సింగ్ కాలేజీల్లో అదే పని మూడో ఏడాది మెంటల్ హెల్త్ క్లాసులో, భోజనాల గంట కొట్టేలోగా పూర్తవుతుంది.

బోర్డు మీద జోహారి కిటికీ గీస్తారు. 1955లో జోసెఫ్ లఫ్ట్, హారింగ్టన్ ఇంఘమ్ అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు వేసిన బొమ్మ. నాలుగు గదులు: నాకూ లోకానికీ తెలిసింది, లోకానికి తెలిసి నాకు తెలియనిది, నేను దాచుకున్నది, ఎవరికీ తెలియనిది. గీత వంకరపోతే అర మార్కు కోత. గదుల్లో ఏముందో చూసే తీరిక మేడమ్‌కి లేదు. ఇంకా బోలెడు కిటికీలు దిద్దాలి.

తర్వాత సైకియాట్రీ పోస్టింగు, ప్రాసెస్ రికార్డింగ్. రోగి ఏమన్నాడు, నువ్వేమన్నావు, అప్పుడు నీకేమనిపించింది? పాఠమంతా ఆ చివరి ప్రశ్నలోనే ఉంది. ఒక పిల్ల నిజమే రాసిందనుకోండి: ‘భయమేసింది. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చాను, నిద్ర ఆపుకోలేక ఆయన మాటలు సగం వినలేదు. పొద్దున డాక్టరుగారు అందరి ముందూ ఫైలు విసిరికొట్టారు, ఆ కోపం ఈయన మీద చూపించాను.’ తన్ను తాను తెలుసుకోవడమంటే ఇంకేమిటి? ఎర్రసిరా దిగుతుంది: ‘అన్‌ప్రొఫెషనల్. రిపీట్.’ దాంతో పిల్లకి జ్ఞానోదయమై సీనియర్ రికార్డు తెచ్చుకుంటుంది. నిరుడు రోగి అన్న మాటే ఈ ఏడు రోగీ అంటాడు, నిరుడు అక్కకు కలిగిన సహానుభూతే చెల్లెలికీ కలుగుతుంది. పదికి 9 మార్కులు.

నర్సుకీ రోగికీ మధ్య నడిచే సంబంధం కూడా వైద్యమేనని 1952లోనే రాసింది హిల్డెగార్డ్ పెప్లావ్. నూటికి నూరుపాళ్ళు నిజం. తన కోపం తనకు తెలియని నర్సు చేతిలో సూది కూడా కోపంగానే దిగుతుంది. నా పేచీ అల్లా, అద్దం ఎప్పుడూ ఇరవయ్యేళ్ళ పిల్ల ముఖానికే ఎందుకు పడతారని. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ లెక్క. పోస్టులు నింపకుండా ఆ ఖాళీలో విద్యార్థినిని నిలబెట్టి ఊడిగం చేయించుకునే యాజమాన్యానికి ఏ కిటికీ గీద్దాం? సుప్రీంకోర్టు ఆదేశంతో 2016లో కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రి అయినా నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తక్కువ ఇవ్వకూడదంది. ఆ కాగితం మూడో గదిలో భద్రంగా ఉంది.

కనుక చిన్న మనవి. చైర్మన్‌గారికీ, రౌండ్స్‌లో ఫైళ్ళు విసిరే సర్జన్‌గారికీ తలా ఒక రికార్డు బుక్కు ఇప్పిద్దాం. ‘స్టాఫ్ నర్సు జీతం పెంచమంది. మీరేమన్నారు? అప్పుడు మీకేమనిపించింది?’ దిద్దేది మూడో ఏడాది అమ్మాయి, ఎర్రసిరాతోనే.

చైర్మన్‌గారు అప్పుడే మొదలెట్టారట. పక్క ఆసుపత్రి చైర్మన్‌గారి రికార్డు ఒక్కరోజు ఇస్తారేమోనని కబురంపారు.