గేరుబాక్సుకు సాసర్ చాయ్

ఈ వ్యాసకర్తకు ఒక పాత బండి ఉంది. వయసు పదహారేళ్లు. గేర్లు తనే మార్చుకుంటుంది, నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందుతుందని అమ్మినాయన చెప్పాడు. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. బండి తప్పెంతో, నడిపినవాడి తప్పెంతో కథ చివర తేలుతుంది కాబట్టి, అనవసరంగా ఎవరి పరువూ తీయడం ఎందుకని.

ఇల్లు జనగామ. అత్తగారిల్లు మహబూబాబాద్. షడ్డకుడు ఉండేది భూపాలపల్లి సింగరేణి క్వార్టర్లలో. ఈ మూడూళ్ల మధ్యా తారు రోడ్లకు కొదువ లేదు. కానీ కొండలెక్కే బండి కొన్నవాడు తారు రోడ్డు మీదే పోతే, పట్టుచీర కట్టుకుని పెరట్లో కూర్చున్నట్టుంటుంది.

అందుకే ఒక మే నెలలో, పాలకుర్తి, తొర్రూరు మీదుగా మానుకోటకు (మహబూబాబాద్‌ను పెద్దలు ఇప్పటికీ అలాగే అంటారు) పోతూ పోతూ ఆయన ఆకేరు వాగులోకి దిగాడు. వానాకాలంలో ఊళ్ల మీదికొచ్చే ఆకేరు ఎండాకాలంలో ఒట్టి ఇసుక. బండి సగం దూరం దర్జాగా పోయింది. ఆ తర్వాత కూర్చుంది. ఆయన యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ ఇంకా బాగా కూర్చుంది.

“ఏందో మాడుతున్నది,” అన్నది వెనక సీట్లోంచి ఇంటామె.

“మామిడికాయ తొక్కు వాసన,” అన్నాడాయన.

“తొక్కు మాడదు.”

డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటొకటి వెలిగింది. సీటుబెల్టు గురించేమో అనుకుని ఆయన బెల్టు సర్దుకున్నాడు. చివరికి ఇసుక తోలే ట్రాక్టరొకటి వచ్చి బండిని ఒడ్డుకు లాగింది. ట్రాక్టర్ పిల్లగాడు పైసలు తీసుకోలేదు. ఫొటో మాత్రం తీసుకున్నాడు.

అత్తగారింటి వాకిట్లో బామ్మర్ది బానెట్ ఎత్తి, గేరుబాక్సు డిప్‌స్టిక్ లాగాడు. ఈ ఆయిల్ కొత్తలో రూహ్ అఫ్జాలా ఎర్రగా ఉంటుంది. ఇంజన్ ఆయిల్‌తో కలగాపులగం కాకుండా రంగు వేస్తారు. కడ్డీకి అంటింది మాత్రం మూడుసార్లు మరిగిన డికాక్షన్. వాసన సంగతి ఇంటామె ముందే చెప్పింది.

ఇలాంటి బండిలో క్లచ్ పెడలుండదు. ఇంజన్‌కూ గేరుబాక్సుకూ మధ్య టార్క్ కన్వర్టర్ అనే గుండ్రటి డబ్బా ఉంటుంది, దాని నిండా ఆయిల్. ఇంజన్ ఒక పంకాను తిప్పుతుంది, అది ఆయిల్‌ను తోస్తుంది, ఆయిల్ ఎదురుగా ఉన్న ఇంకో పంకాను తిప్పుతుంది. రోడ్డు మీద రెండూ ఇంచుమించు ఒకే వేగంతో తిరుగుతాయి. ఇసుకలో చక్రాలు బిగుసుకుపోతే మొదటిది తిరుగుతుంది, రెండోది తిరగదు. అప్పుడు ఇంజన్ బలమంతా కవ్వంలా ఆయిల్‌ను చిలుకుతుంది. మజ్జిగ చిలికితే వెన్న వస్తుంది, ఇక్కడ వేడి వస్తుంది. 80, 90 డిగ్రీల దగ్గర ఆయిల్ హాయిగా ఉంటుంది. ఆపైన ప్రతి పదకొండు డిగ్రీలకూ దాని ఆయుష్షు సగమవుతుందని మెకానిక్కుల మోటు లెక్క.

అలాగని ఇదేమీ నాజూకు సామాను కాదు. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లతో జనంలోకి వచ్చిన ఆటోమేటిక్ గేరుబాక్సును రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా ఎం5 స్టువర్ట్ ట్యాంకులకూ బిగించారు. ఒకప్పుడు ఈ ఆయిల్‌లో తిమింగలం నూనె కూడా కలిపేవారు. 1970ల మొదట్లో అమెరికా దాన్ని నిషేధించాక వేరే రసాయనాలు వెతుక్కున్నారు. ఈ ముక్క వ్యాసకర్త జనగామ మెకానిక్‌కు ఎంతో ఉత్సాహంగా చెప్పాడు. ఆయన స్పానర్ తుడుచుకుంటూ, “ఇప్పుడైతే చాపలు గూడ దొర్కుతలేవు సార్,” అన్నాడు.

ఈ మెకానిక్ అసలు ట్రాక్టర్ల మనిషి. పాత ఆయిల్ తీసి కొత్తది పోశాడు, పైన ఒక చిన్న కూలర్ పెట్టించుకొమ్మన్నాడు.

“రేడియేటర్ల ఉన్నదిగద?”

“ఉన్నది. ఆయిల్ పోయి రేడియేటర్ అడుగు డబ్బల నీళ్ల నడుమకెల్లి తిరిగొస్తది. ఆ నీళ్లే తొంబై డిగ్రీలుంటె అదేం సల్లవడ్తది? మీరు చాయ్ వేడిగుంటె ఏం జేస్తరు? సాసర్ల పోస్తరు. గిది సాసర్ సార్.”

ఇంజనీరింగ్ పుస్తకంలో నాలుగు పేజీలు పట్టే సంగతి ఇది. పలుచటి అల్యూమినియం పలకల మధ్య ఆయిల్ పరుచుకుంటుంది, వాటి సందుల్లోంచి గాలి వీస్తుంది. అంతే.

కూలర్ కొన్నాక, ఇంత చిన్నపనికి మెకానిక్ ఎందుకని బామ్మర్ది మానుకోట నుంచి పొద్దుటి రైలుకే దిగాడు, మధ్యాహ్నం పెళ్లికి పోవాలని తెల్లచొక్కా వేసుకుని. బావాబామ్మర్దులు కలిసి కూలర్‌ను ఏసీ కండెన్సర్ ముందు ప్లాస్టిక్ పట్టీలతో కట్టేశారు. పాత రేడియేటర్ పైపు ముక్కలు తగిలించారు. రేడియేటర్‌ను అసలు లైన్లోంచే తీసేద్దామని బామ్మర్ది వాదన: లోపలి గొట్టం చిల్లిపడితే నీళ్లు ఆయిల్‌లో కలిసి గేరుబాక్సు నిండా రోజ్‌మిల్క్ తయారవుతుందట. అది నిజమే. కానీ చలికాలం పొద్దున ఆయిల్‌ను వెచ్చబెట్టేది కూడా ఆ రేడియేటరే.

మెకానిక్ వచ్చి చూశాడు. పట్టీలు కోసి పారేశాడు. అదురుకు అవి కండెన్సర్ రేకుల్ని కొరికేస్తాయి. ఇనుప పట్టీలు, రబ్బరు బుష్‌లు పెట్టి, ఒక అంగుళం సందు వదిలాడు. నీళ్ల పైపు ఆయిల్‌కు ఉబ్బిపోతుందని ఆయిల్ పైపే వేశాడు. తర్వాత వరస చూశాడు. ఆయిల్ ముందు కొత్త కూలర్‌లోకి, అక్కణ్నుంచి రేడియేటర్‌లోకి పోతోంది.

“తానం జేసొచ్చి పొయ్యికాడ కూసున్నట్టున్నది సార్.”

సరైన వరస తిరగేసి ఉండాలి: ముందు రేడియేటర్, తర్వాత కూలర్, అక్కణ్నుంచి గేరుబాక్సు. దానికి రేడియేటర్ పైపుల్లో తిరుగుదారి ఏదో తెలియాలి. రెండూ కవల పిల్లలు. ఒకటి ఊడదీసి, రెండు క్షణాలు ఇంజన్ వేసి, ఆయిల్ ఏ వైపు నుంచి వస్తుందో చూడటమే మార్గం. బామ్మర్ది ఊడదీసిన పైపు కింద నీళ్ల సీసా పట్టుకున్నాడు. బావ తాళం తిప్పాడు. ఆయిల్ రేడియేటర్ వైపు నుంచి వచ్చింది. సీసాలోకి మాత్రం రాలేదు.

పెళ్లికి బావ చొక్కా వేసుకుని పోయాడు.

కూలర్ కూడా కొంత ఆయిల్ తాగుతుంది కాబట్టి లెవెల్ మళ్లీ చూడాలి: బండి వేడెక్కాక, ఇంజన్ నడుస్తుండగా. అదీ అయ్యాక ఆయన పరకాల మీదుగా భూపాలపల్లి పోయాడు. షడ్డకుడు ఓపెన్‌కాస్టులో డంపర్ల మెయింటెనెన్స్. సింగరేణిలో తిరిగే 60, 100 టన్నుల డంపర్లకూ టార్క్ కన్వర్టర్ ఉంటుంది, దాని ఆయిల్‌కూ కూలర్ ఉంటుంది. అలాంటి మనిషి వచ్చి బానెట్ ఎత్తి, పైపు మీద అరచెయ్యి ఆనించి, “మంచిగ వెట్టిండ్రన్నా,” అంటే ఈ వ్యాసకర్తకు ఛాతీ ఉబ్బింది.

షడ్డకుడు డోర్ తీసి లోపలికి తొంగిచూశాడు.

“అన్నా, వాగుల దిగినప్పుడు గీ చిన్న గేరు ఏసినవా? నాలుగు చక్రాలకు బలం పోయేది దీంతోనే. ఇసుకల లో గేర్ల వెడ్తె ఆయిల్ మీద గంత బరువు వడదు.”

పెద్ద గేరు పక్కన చిన్న కడ్డీ ఒకటుంది. కొన్న రోజు నుంచీ దానికి ఇంటామె కూరగాయల సంచి తగిలిస్తూ వస్తోంది. వ్యాసకర్త మెల్లగా సంచి తీసి వెనక సీట్లో పెట్టాడు.