పూచీకత్తు లేనిదే నవల లేదు

మా కింది వాటాలో ఉండే మేనేజరు గారు బ్యాంకులో ముప్పై నాలుగేళ్లు అప్పులు మంజూరు చేసి రిటైరయ్యారు. ఇప్పుడు నవలలు మంజూరు చేస్తున్నారు. ఇలాంటివారు కాలనీకి ఒకరుంటారు. కాలేజీ పిల్లలు ఏ వయసులో ఏ పుస్తకం చదవాలో, ఏది ముట్టుకోకూడదో వారికే తెలుసు. ఎవరూ అడగకపోయినా చెబుతారు.

ముందు గదిలో మూడు బీరువాలు. తాళాలు ఎప్పుడూ ఆయన బొడ్లోనే. బల్ల మీద పొడుగాటి రిజిస్టరు: పేరు, చదువు, తీసుకున్న తేదీ, తిరిగివ్వాల్సిన తేదీ, చివర ‘రిమార్కులు’. నా పేరుకెదురుగా ‘మధ్యలో వదిలేసే స్వభావం’ అని ఎర్ర సిరాతో రాసి ఉంది. నిజమే. వడ్డెర చండీదాస్ ‘అనుక్షణికం’ నాలుగుసార్లు మొదలుపెట్టాను. అంత జనాన్ని గుర్తుపెట్టుకోవాలంటే నాక్కూడా ఒక రిజిస్టరు కావాలి.

మొన్న దసరా సెలవులకు మా అక్క కూతురు వచ్చింది. “కాలేజీ వయసు వాళ్ల గొడవలున్న నవలలేమైనా ఉంటే ఇప్పించు మావయ్యా” అంది. తీసుకెళ్లాను. తప్పు నాదే.

“ఏం చదువుతున్నావమ్మా?”

“డిగ్రీ మూడో సంవత్సరం, తాతగారూ. ఇరవై నిండాయి.”

“ఇల్లా, హాస్టలా?”

“హాస్టలు.”

“నాన్న నెలనెలా డబ్బు పంపుతాడా?”

“ఒకటో తారీఖుకల్లా.”

మేనేజరు గారు పెదవి విరిచారు. “అయితే ‘అంపశయ్య’ నీకు పట్టదు.”

నవీన్ రాసిన ఆ నవల వచ్చింది 1969లో. ఉస్మానియా హాస్టల్లో రవి అనే కుర్రాడు పొద్దున నిద్ర లేచిన దగ్గర్నుంచి రాత్రి దాకా గడిపిన ఒక్క రోజే కథంతా. చేతిలో డబ్బుల్లేని దిగులు, చదువు భయం, అమ్మాయిల ధ్యాస అన్నీ బుర్రలో ఒకదాన్నొకటి తోసుకుంటూ నడుస్తాయి. ఆ పుస్తకం చివరికి రచయితకు ఇంటిపేరే అయిపోయింది. మెస్సు బకాయి లేనివారికి దాన్ని చదివే అర్హత లేదని మేనేజరు గారి నిబంధన. నేనైతే తిరగేసి చెబుతాను. బకాయి ఉన్నవాడికి అందులో ఉన్నదంతా తెలుసు. లేనివాళ్లకే ఇవ్వాలి. కానీ నా రిమార్కు చూసుకుని నోరు మూసుకున్నాను.

రెండో బీరువా తెరిచారు. ఇందులోని నవలల్లో ఉండేవాళ్ల గురించి ఆయన పక్కింటి కుర్రాళ్ల గురించి చెప్పినట్టే చెబుతారు.

“బుచ్చిబాబుగారి దయానిధి ఉన్నాడు. మంచివాడే, డాక్టరు కూడాను. కాకపోతే తల్లి గురించి ఊళ్లో గుసగుసలు. ఆ బరువుతో ఎక్కడా కుదురుకోలేకపోయాడు పాపం. ఇరవై రెండు దాటనీ, చూద్దాం. ఇక ఈ హోల్డెన్. అమెరికా సంబంధం. బళ్లోంచి పంపేస్తే న్యూయార్కులో తిరుగుతుంటాడు. 1951 పుస్తకం. నీ వయసుకి ఇది సరిగ్గా సరిపోతుంది.”

“వాడికి పదహారేళ్లే తాతగారూ. ఇంటర్లో చదివినప్పుడు కళ్లనీళ్లు పెట్టుకున్నాను. ఇప్పుడు చదివితే రెండు మొట్టికాయలు వేసి ఇంటికి పంపాలనిపిస్తోంది. అయినా ఇందాకటి నుంచి అందరూ అబ్బాయిలే. పెళ్లిచూపుల్లో కూచున్నట్టుంది. అమ్మాయిలకేం గొడవలుండవా?”

మేనేజరు గారు మూడో బీరువా వైపు చూశారు. తాళం తియ్యలేదు.

“చలంగారి ‘మైదానం’ ఉంది కానీ...”

“టెన్తు సెలవుల్లో అయిపోయింది.”

ఆయన రిజిస్టరులో ఏదో రాయబోయి కలం మూసేశారు. “ఓల్గా ‘స్వేచ్ఛ’ అని ఇంకోటుంది. అది పెళ్లయ్యాక చదవాల్సింది.”

“పెళ్లయ్యాక చదివి ఏం లాభం తాతగారూ?”

లోపల్నుంచి వాళ్లావిడ నవ్విన చప్పుడు వినిపించింది. మేనేజరు గారు కాఫీ ఏమైందని గట్టిగా అడిగారు.

కాఫీ తాగుతుండగా పిల్ల ఊరుకోలేదు. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ ఇమ్మంది. ఆయన కప్పు కింద పెట్టేశారు.

“వాడి జోలికి మాత్రం వెళ్లకు.”

ఎందుకో అప్పుడు చెప్పారు. బీకాం చివరి సంవత్సరంలో, పరీక్షల ముందు రోజు ఎవరో గదిలో వదిలేసి వెళితే ఆ పుస్తకం పట్టుకున్నారట. అందులోని సీతారామారావు పెద్దపెద్ద ఆలోచనలు చేస్తూ ఏ పనీ చెయ్యలేక కుంగిపోతుంటే, ఇది నా కథే అనుకుని తెల్లారేదాకా చదివి, దుప్పటి ముసుగేసుకున్నారు. అకౌంటెన్సీ పేపరు పోయింది. ఆ ఏడాదంతా వాళ్ల నాన్న ఆయనతో మాట్లాడలేదట. “అంతకుముందు నాకే బెంగా లేదమ్మా. ఆ పుస్తకం చదివాకే నేను అసమర్థుణ్ణని తెలిసింది” అన్నారు. ఆయన గొంతులో ఇంకా ఆ పేపరు మీది కోపం ఉంది.

ఈ నిబంధనలూ తాళాలూ ఎక్కణ్నుంచి వచ్చాయో నాకప్పటికి అర్థమైంది. మా పిల్లకి నాకంటే ముందే అర్థమైనట్టుంది. వాదన మానేసి సంచీలోంచి నలిగిన పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. సిల్వియా ప్లాత్ ‘ది బెల్ జార్’, 1963 నాటిది.

“ఇందులోది కాలేజీ అమ్మాయే తాతగారూ. క్లాసులో ఫస్టు. నెల రోజులు పత్రికలో పనిచెయ్యడానికి న్యూయార్కు వెళుతుంది. ఊళ్లోవాళ్లంతా అదృష్టవంతురాలంటారు. ఆమెకేమో ఏదీ పట్టదు. ఒక్కొక్కటే కూలిపోతుంది. నేను సెకండియర్లో చదివాను. మర్నాడు పరీక్ష కూడా రాశాను.”

ఆయన చెయ్యి పుస్తకం మీదికి వెళ్లింది. పిల్ల చటుక్కున వెనక్కి లాక్కుంది.

“మీ వయసెంత?”

“అరవై ఎనిమిది.”

“హాస్టలా, ఇల్లా?”

“ఇల్లే” అన్నారు, లోపలి గది వైపు చూస్తూ.

“ఇలాంటివి చదివి మంచమెక్కిన పాత కేసు ఒకటి మీ ఖాతాలో ఉంది. పూచీకత్తు కావాలి.”

మేనేజరు గారు నా వైపు చూశారు. ఆయన నన్నడగడం అదే మొదటిసారి. సంతకం పెట్టాను.

రిజిస్టరులో తన పేరు తనే రాసుకున్నారు. తిరిగివ్వాల్సిన తేదీ గడిలో మాత్రం ఏమీ వెయ్యలేదు. మా పిల్ల హాస్టలుకి వెళ్లిపోయి మూడు వారాలైంది. రోజూ ఫోను చేసి పుస్తకం సంగతి నన్నడుగుతోంది. నిన్న కిందికి వెళ్లాను. మేనేజరు గారు పడక్కుర్చీలో ఉన్నారు. నన్ను చూసి పుస్తకాన్ని ఒళ్లో బోర్లించి, పైన పేపరు కప్పారు.

“చదువుతున్నానయ్యా” అన్నారు. “నీలా మధ్యలో వదిలేసే స్వభావం కాదు నాది.”