మధ్యగడి మాష్టారు

సభలో నడిమి కుర్చీకై తహతహలాడువారిని మనమందఱము నెఱుగుదుము. కాని అసలు నడిమి కుర్చీ యేదో తేలువఱకు సభనే సాగనీయని జాతి యొకటి యీ కంప్యూటరు యుగమున క్రొత్తగా పుట్టినది. అట్టివాడొకడు మా సీలేరు ప్రాజెక్టు కాలనీలో కలడు. ఇంట కూర్చుండి దూరదేశపు కంపెనీకి ప్రోగ్రాములు వ్రాయుట వృత్తి, సాయంకాలము వీథి పిల్లలకు ఆ విద్యయే యూరక చెప్పుట వ్యసనము. కావున ఊరివారికి మాష్టారు.

వ్యాధికి మూలమొక ప్రహేళిక. ఎరిక్ వాస్టల్ అను నమెరికా దేశస్థుడు 2015 మొదలు ప్రతి డిసెంబరునందును ‘అడ్వెంట్ ఆఫ్ కోడ్’ అను పేర ప్రోగ్రాము చిక్కులు వెలువరించుచున్నాడు. 2017లో 22వ నాటి చిక్కునందు గడుల పటము నట్టనడుమనుండి ఒక పురుగు బయలుదేఱి, అడుగడుగునకు దిక్కు మార్చుకొనుచు, గడులకు తెగులంటించుచు పోవును. తక్కినవారు దాని నడకను గూర్చి తల పట్టుకొనగా, మాష్టారు అది బయలుదేఱిన చోటనే నిలిచిపోయెను. వరుసకు 25 గడులున్నచో 13వది నడిమిదని మనమందుము. ఆయన సున్న మొదలు లెక్కించును గనుక ఆయనకది 12. 25ను 2చే భాగించి శేషమును పాఱవేసినను వచ్చునది 12 యే. ఇంత సొగసైన లెక్కను ప్రోగ్రాములకే పరిమితము చేయుట ఆయనకు లోభమని తోచెను. 7 ఇండ్ల వరుసలో నడిమి యిల్లాయనది. రానున్న మామగారికి ఫోనులో ‘మూడవ యిల్లు’ అని సెలవిచ్చెను. ఆ వృద్ధుడు మూడవ యింట కాళ్లు కడుగుకొని, ఇల్లాలిచ్చిన కాఫీ సాంతము త్రాగి, “మా అల్లుడేడమ్మా?” అని యడిగెను.

బేసిసంఖ్య యున్నంతవఱకు ఆయన బ్రదుకు హాయి. సరిసంఖ్యకు నడిమిగడి లేదు. చదరంగపు బల్లకు నాలుగు గడులు కలిసి నడుమగును. లోకములోని ప్రోగ్రామర్లు ఆ నాల్గింటిలో నేదో యొకదానిని నిర్ణయించుకొని ముందునకు సాగుదురు, ఈయనకు నిద్రపట్టదు. వరాహమిహిరుడు బృహత్సంహితలో 81 పదముల వాస్తువున బ్రహ్మకు 9 పదములును, 64 పదముల వాస్తువున 4 పదములును ఒసగి, 6వ శతాబ్దముననే యీ తగవు తీర్చినాడని నేనోదార్చితిని. “నాలుగు గడులలో కూర్చున్న బ్రహ్మకు ఇండెక్సు ఎంతండీ?” అని యాయన దీనముగా నడిగెను.

అట్టివానిని విధి తెచ్చి సీలేరున పడవేసినది. ఎగువ సీలేరు విద్యుత్కేంద్రమున 60 మెగావాట్ల యంత్రములు నాలుగు. నడిమి యంత్రమేదని యడుగగా అచటి యుద్యోగి, “నాలుగూ తిరుగుతున్నాయా లేదా అన్నదే మా లెక్క సార్” అనెను. ఏటి నీటిలోనైనను ఆంధ్రకు సగము, ఒడిశాకు సగము!

సంతలో నొక ముసలమ్మ గోనెపట్టాపై పసుపు కొమ్ములను వరుసకు 6 చొప్పున 4 వరుసలుగా కుప్పలు పోసికొని కూర్చుండెను. మాష్టారు చూపుడువ్రేలితో గాలిలో గీతలు గీయుచు ఎంతకును కదలడయ్యెను. “ఏటి బాబూ, నడిమి కుప్పకి పసుపెక్కువుంటాదా?” అని యామె యడిగి, విషయము విని, తటాలున వంగి నడుమ నున్న నాలుగు కుప్పలను ఆయన సంచిలోనికి దులిపి, నాల్గింటికిని పైకము పుచ్చుకొనెను. శాస్త్రజ్ఞానమనిన అది!

మొన్న గుంటవాడ జలాశయముకడ మేము ఫోటో దిగబోతిమి. మాష్టారితో కలిపి 8 మందిమి. నడుమ నెవరును లేరు. తొమ్మిదవవాడు లేనిదే ఫోటో వలదని ఆయన భీష్మించి, దారిని పోవు వెదురులారీని ఆపి, క్లీనరును బ్రతిమాలి దింపించెను. ఆ కుఱ్ఱవాడు తలపాగా సవరించుకొని, తిన్నగా వచ్చి, మాష్టారిని మోచేతితో ప్రక్కకు జరిపి నట్టనడుమ నిలుచుండెను.