‘అనుమతించాలా?’: టీకా తాత్పర్య సహితం

మూలం

“టార్చ్ యాప్ మీ కాంటాక్ట్‌లను యాక్సెస్ చేయడానికి అనుమతించాలా?
అనుమతించండి / అనుమతించవద్దు”

సందర్భం

కరెంటు పోయిన రాత్రి, ప్లే స్టోరు నుంచి టార్చి యాప్ దించుకున్న ఒక గృహస్థుతో ఫోను తెర పలికిన వాక్యమిది. తెరను పైనుంచి కిందికి లాగితే ఫోనులోనే టార్చి ఉన్నదని ఆయన ఎరుగడు.

ప్రతిపదార్థం

టార్చ్ యాప్ = దీపము వెలిగించుట తప్ప వేరు పని లేని యాప్; మీ = తమవేనని తమరు అనుకొనుచున్న; కాంటాక్ట్‌లను = పాలవాడు, పిన్నిగారు, గ్యాసు ఏజెన్సీ, వియ్యంకుడుగారు మొదలగువారి పేర్లను, నంబర్లను; యాక్సెస్ చేయడానికి = ఒక్కమారు చూచి ఊరకుండుటకు గాక, కావలసినప్పుడెల్ల చదివి తన సర్వరుకు చేరవేసుకొనుటకు; అనుమతించాలా = అనుమతింపవలయునా? (ఇది ప్రశ్న. ఆజ్ఞ కాదని గ్రహించునది.)

తాత్పర్యం

“చీకటి పోగొడతాను, మీ బంధుమిత్రుల చిట్టా ఇలా ఇవ్వండి” అని భావం.

విశేషాలు

‘మీ’ దగ్గర కాస్త ఆగాలి. పేరు పిన్నిగారిది, నంబరు పిన్నిగారిది, అనుమతి మాత్రం మనది. ఆవిడను అడిగినవారు లేరు. 2020 చివర్లో హైదరాబాదులో లోన్ యాప్‌ల కేసులు బయటపడ్డప్పుడు ఈ షష్ఠీ విభక్తి ఏం చేయగలదో లోకానికి తెలిసింది. వాయిదా తప్పింది ఒకరు. ఫోన్లు వెళ్లింది వాళ్ల చుట్టాలకూ, ఆఫీసువాళ్లకూ. అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్ట్‌ల జోలికీ, కాల్ లాగ్‌ల జోలికీ పోకూడదని 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు మార్గదర్శకాల్లో రాయాల్సి వచ్చింది.

అన్వయం

వాక్యానికి అర్థం కుదరాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి మూడూ ఉండాలని శాస్త్రం. యాప్ ఎంచుకోవడానికీ ఈ మూడే చాలు.

ఆకాంక్ష: చేసే పనికి అడిగిన వస్తువు కావాలా? మ్యాప్‌కు లొకేషన్ కావాలి, కాలిక్యులేటర్‌కు అక్కర్లేదు. యూపీఐ యాప్ ఎస్సెమ్మెస్ అడిగితే ఉలిక్కిపడొద్దు. మీ సిమ్ ఆ ఫోనులోనే ఉందని రుజువు చేసుకోవడానికి దానికది అవసరం.

యోగ్యత: అడిగేవాడు ఎవడు, వాడికి తిండి ఎక్కణ్నుంచి? ప్రకటనల మీద బతికే యాప్ వేరు, విరాళాలతో నడిచే మెసేజింగ్ యాప్ సిగ్నల్ వేరు. 2016లో అమెరికాలో ఒక గ్రాండ్ జ్యూరీ సమన్లు పంపితే సిగ్నల్ ఇవ్వగలిగినవి రెండే ముక్కలు: ఖాతా తెరిచిన సమయం, చివరిసారి కనెక్టయిన తేదీ. దాచుకోనివాడి దగ్గర లాక్కునేదేముంటుంది?

సన్నిధి: పని పడ్డప్పుడే అడగాలి. ఫొటో తీయబోతే కెమెరా అడగడం సన్నిధి. తెరవగానే కెమెరా, మైకు, లొకేషన్ వరసపెట్టి అడగడం దోషం. 2015లో ఆండ్రాయిడ్ 6 వచ్చేదాకా ఇన్‌స్టాల్ చేసేటప్పుడే అన్నిటికీ కలిపి తలూపాల్సి వచ్చేది. లొకేషన్‌కూ, కెమెరాకూ, మైకుకూ ‘ఈసారి మాత్రమే’ అనే ఉత్తమ పాఠం 2020లో ఆండ్రాయిడ్ 11తో దక్కింది.

పూర్వపక్షం

“మన దగ్గర దాచేదేముంది, గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు తప్ప?” అని కొందరు.

సమాధానం: గుడ్ మార్నింగ్ ఎవరికీ అక్కర్లేదు. ఎవరికి, ఎప్పుడు, ఎక్కణ్నుంచి అన్నదే సరుకు. కోట్లసార్లు డౌన్‌లోడయిన ‘బ్రైటెస్ట్ ఫ్లాష్‌లైట్’ అనే టార్చి యాప్, జనం లొకేషన్‌ను ప్రకటనల సంస్థలకు అందిస్తోందనీ, షరతులకు ‘సరే’ అనకముందే సమాచారం పంపేస్తోందనీ 2013లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపింది. తయారీదారు రాజీకి వచ్చాడు. మూలంలోని టార్చి కవికల్పన కాదని ఇందువల్ల తెలుస్తోంది.

“అయితే డబ్బా ఫోను కొనుక్కోమంటారా?” అని మరికొందరు. అక్కర్లేదు. అన్నిటికీ ‘వద్దు’ అనేవాడు రెండోరోజు విసుగెత్తి అన్నిటికీ ‘సరే’ అంటాడు. అన్వయం కుదిరినచోట ఇవ్వాలి, కుదరనిచోట మానాలి, అంతే.

ప్రమాణం

2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ఆరో సెక్షన్‌లో ఒక ఉదాహరణ ఉంది. వైద్య సలహాల యాప్ ఒకటి ఒకావిడను వైద్యానికి కావలసిన వివరాలతో పాటు కాంటాక్ట్‌లూ అడిగింది. ఆవిడ రెండిటికీ సరేనంది. అయినా కాంటాక్ట్‌లు వైద్యానికి అవసరం లేదు కనుక ఆ సమ్మతి వైద్యం మేరకే పరిమితం. చట్టమూ అన్వయమే చూస్తోందన్నమాట. కాకపోతే చట్టం వచ్చి చూసేసరికి పిన్నిగారి నంబరు సర్వరుకు చేరి ఉంటుంది.

పారాయణ విధి

నెలకోసారి సెట్టింగ్స్‌లో పర్మిషన్ మేనేజర్ తెరిచి, ముందుగా మైక్రోఫోన్ పేజీ, తరవాత కాంటాక్ట్‌ల పేజీ చదవాలి. అన్వయం కుదరని పేరు కనిపిస్తే అక్కడికక్కడే అనుమతి తీసేయాలి. ‘పని ఆగిపోతుందేమో’ అని సందేహం అక్కర్లేదు. నిజంగా అవసరమైన యాప్ మళ్లీ అడుగుతుంది, అప్పుడు ఇద్దాం.