బగ్గీ దిగే ముహూర్తం

పిల్లలు తోపుడు బండి ఎప్పుడు మానాలన్న విషయంలో మన పురాణాల్లో గట్టి సాక్ష్యం ఒక్కటే కనిపిస్తుంది. శ్రీకృష్ణుడు మూడో నెలలోనే మానేశాడు. భాగవతం దశమ స్కంధంలో ఉన్నదే చెబుతున్నాను. పిల్లాడు బోర్లాపడ్డాడని యశోద వేడుక చేసింది. వచ్చినవాళ్లకు మర్యాదలు చేసే హడావుడిలో వాణ్ణి ఓ బండి కింద నిద్రపుచ్చి తన పనిలో పడిపోయింది. ఆకలేసి లేచిన పిల్లాడు ఏడ్చి ఏడ్చి కాలు ఝాడించాడు. బండి విరిగి, దానిమీది పాత్రలన్నీ చెల్లాచెదురయ్యాయి. ఆ బండిలో శకటాసురుడు దాక్కున్నాడని పెద్దలు చెబుతారు, కాదనను. నన్ను ఆకట్టుకున్న సంగతి వేరే. ఆ బండికి పైన సామాను, కింద పిల్లాడు. మా అమ్మాయి ఇంట్లో బండికి పైన పిల్లాడు, కింద సామాను. ద్వాపరం నుంచి కలికి వచ్చిన మార్పు ఇంతే.

మా అమ్మాయి కాపురం లండన్ పడమటి కొసన, హౌన్‌స్లోలో. సందర్శకుల వీసా మీద ఆర్నెల్ల దాకా ఉండనిస్తారు కనక మేమిద్దరం తెనాలి నుంచి పచ్చళ్లతో, కారప్పొడులతో, మోకాళ్ల నొప్పుల మాత్రలతో దిగాం. మనవడికి మూడున్నరేళ్లు. వాడు పరుగెత్తుతాడు, సోఫా వీపు మీద నడుస్తాడు, అడిగినా అడక్కపోయినా కరాటే చూపిస్తాడు. గుమ్మం దాటితే చాలు, కాళ్లు లేనట్టు బగ్గీలోకి, అదే ఆ తోపుడు బండిలోకి, ఎక్కి, బెల్టు తనే పెట్టుకుని, "తాతయ్యా, పోనీ" అంటాడు. వీడు ఎప్పుడు దిగాలన్నదాని మీద ఆ ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో పార్టీ.

మా అమ్మాయిది ప్రపంచ ఆరోగ్య సంస్థ పార్టీ. 2019లో ఆ సంస్థ ఐదేళ్లలోపు పిల్లల గురించి ఇచ్చిన సలహాలను ఫ్రిజ్ మీద అతికించింది. బగ్గీలో గానీ, ఎత్తు కుర్చీలో గానీ, పెద్దవాళ్ల వీపున గానీ పిల్లల్ని ఒక్క బిగిన గంటకు మించి కట్టి ఉంచొద్దు. ఏడాది నుంచి నాలుగేళ్ల దాకా ఉన్నవాళ్లు రోజుకు కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలించాలి. బాగానే ఉంది. కానీ ఆ 180 నిమిషాలు ఏ వేళప్పుడు కదలాలో చెప్పలేదు. మావాడు సగానికి సగం రాత్రి తొమ్మిది దాటాక పూర్తిచేస్తాడు. ఇంకో చిక్కు, ఎన్నో ఏడు వస్తే బగ్గీ దింపెయ్యాలో అందులో ఎక్కడా లేదు. గంటగంటకీ దించి మళ్లీ ఎక్కిస్తే పాతికేళ్ల దాకా తోసుకోవచ్చునేమో అని అల్లుడు అన్నాడు. ఆ పూట ఇంట్లో కూర ఉప్పు తప్పింది.

అల్లుడిది అర్థశాస్త్రం. బగ్గీ కొన్నప్పటి రసీదు భద్రంగా దాచాడు. ఆ ధర విని మా ఆవిడ పౌన్లను రూపాయల్లోకీ, రూపాయల్ని గ్రాముల బంగారంలోకీ మార్చుకుని కాసేపు పలకలేదు. యూరప్ ప్రమాణాల్లో ఇదివరకు బగ్గీలకు 15 కిలోల పిల్లల దాకానే లెక్క ఉండేది. 2018లో రెండో భాగమొకటి చేర్చి 22 కిలోల దాకా పెంచారు. "వీడింకా పదహారే మావయ్యగారూ, ఆరు కిలోలు మిగిలే ఉంది" అంటాడు, ఫోన్‌లో డేటా ప్యాక్ మిగిలినట్టు. మన వైపు బియ్యం బస్తా 26 కిలోలు. (2022 జులైలో 25 కిలోల దాకా ఉన్న ప్యాకింగ్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేశారు. బస్తా ఓ కిలో ఒళ్లు చేసి పన్ను తప్పించుకుంది.) అల్లుడి లెక్కన మనవడు ఇంచుమించు బియ్యం బస్తా అంతయ్యేదాకా వాణ్ణి తోసుకుంటూ ఊరేగొచ్చు. తోసేది తను కాదు కదా. తను ఆఫీసుకి పోతాడు.

మా ఆవిడది వంటింటి శాస్త్రం. "బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు. వీడు అడుగులేసినప్పుడు తెనాలిలో నేను అరిసెలు చేసి వీధంతా పంచానా లేదా? అరిసెలు పంచాక మళ్లీ తోపుడు బండేమిటండీ?" ఈ వాదనకు ప్రపంచ ఆరోగ్య సంస్థ దగ్గర కూడా జవాబు లేదు.

నిజానికి మా కాలంలో ఈ ప్రశ్నే లేదు. పిల్లలకు వాహనం చంక. అమ్మ చంక కాకపోతే అక్క చంక. చంక దిగే ముహూర్తం పంతులుగారు పెట్టేవారు కాదు, తమ్ముడు పెట్టేవాడు. వాడు పుట్టిన రోజున నువ్వు దిగిపోతావు, ఇక అప్పీలు లేదు. నేను ఏడాదిన్నరకే దిగాను. మా పెద్దన్నయ్య తర్వాత నాలుగేళ్ల దాకా ఇంట్లో కాన్పు లేదు కనక ఆయన నాలుగేళ్లూ చంకనే ఉన్నాడు. ఇప్పటికీ ఆ దర్జా పోలేదు, మంచినీళ్లు కూడా కూర్చున్నచోటికే తెప్పించుకుంటాడు. ఇక ఇంట్లో మూడు చక్రాల చెక్క బండి ఉండేది. దానిలో ఎవరూ కూర్చోరు. పిల్లాడే నిలబడి, పిడి పట్టుకుని, గడగడా తోసుకుంటూ నడక నేర్చుకోవాలి. పిల్లాణ్ణి బండి మోయడమనే ఆలోచన మనవాళ్లకు తట్టలేదు, లేదా తట్టి కూడా ఊరుకున్నారు.

ఆ తర్వాతి తరానికి స్కూటరొచ్చింది. పిల్లాడు నాన్న ముందు నిలబడి, హ్యాండిల్ పట్టుకుని, గాలి మొత్తం తనే మింగుతూ ఊరంతా తిరిగేవాడు. అక్కడ మానాల్సిన వయసు గురించి చర్చ అక్కర్లేదు. పిల్లాడి తల అడ్డొచ్చి నాన్నకు రోడ్డు కనిపించని రోజున వాడు వెనక సీటుకి ప్రమోషన్ మీద వెళ్లిపోతాడు. విజయవాడ నుంచి మా వియ్యపురాలు వీడియో కాల్‌లో ఈ సంగతే గుర్తుచేసి, "బండి మానకపోతే పిల్లాడి పిక్కలు సన్నబడిపోతాయి వదినా" అని హెచ్చరించారు. ఆ సమయానికి పిల్లాడు ఆ పిక్కలతోనే వాళ్ల నాన్న లాప్‌టాప్ మీదికి ఎక్కుతున్నాడు.

మరి ఎక్కువగా తోసేవాణ్ణి నేను కనక నా పరిశోధన నేను చేసుకున్నాను. 1733లో డెవన్‌షైర్ డ్యూక్ పిల్లల కోసం విలియం కెంట్ అనే వాస్తుశిల్పి గవ్వ ఆకారంలో చిన్న బండి చేసిచ్చాడట. దాన్ని అమ్మానాన్నలు తోసేవాళ్లు కాదు, మేకో చిన్న గుర్రమో లాగేది. మేక ఏ సంవత్సరంలో రాజీనామా చేసిందో, ఆ ఖాళీలో తాతయ్యల్ని ఎప్పుడు నియమించారో తెలిస్తే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. తాతల్లో గొప్పవాడు మాత్రం ఓవెన్ మెక్లారెన్. యుద్ధకాలంలో స్పిట్‌ఫైర్ విమానాల చక్రాల అమరిక మీద పనిచేసిన ఇంజినీరు. మనవలు పుట్టాక, వాళ్ల బండి బరువు చూసి చిరాకేసి, అల్యూమినియం గొట్టాలతో గొడుగులా ముడుచుకునే బగ్గీ ఒకటి 1965లో తయారుచేశాడు. బరువు మూడు కిలోల లోపే. ముడిచి చేతికి తగిలించుకుంటే మేడెక్కొచ్చు. యుద్ధ విమానం కాళ్లు ముడిచే విద్యను ఇలా సద్వినియోగం చేసిన మనిషికి తాతలందరూ కలిసి ఓ విగ్రహం పెట్టాలి.

మా అల్లుడు కొన్నది ఆ జాతిది కాదు. దీనికి కాఫీ కప్పు పెట్టుకునే చోటుంది, షాక్ అబ్జార్బర్లున్నాయి, వానకో తొడుగు, ఎండకో తొడుగు. నేను నడిపిన మొదటి స్కూటర్‌కి ఇందులో సగం లేవు. ప్రకటన వీడియోలో ఒకమ్మాయి నవ్వుతూ ఒంటి చేత్తో దీన్ని మడిచేస్తుంది. ఇంట్లో మడవాలంటే రెండు చేతులూ, ఒక కాలూ, మూడున్నరేళ్ల పిల్లాడి సలహా కావాలి. "ఆ బటన్ కాదు తాతయ్యా, ఎర్రది" అని లోపల కూర్చునే చెబుతాడు. నువ్వు దిగితే గదరా మడిచేది అంటే, "మడిస్తే నేను ఎక్కడ కూర్చోవాలి?" అంటాడు. ఆ తర్కానికి అల్లుడు మురిసిపోతాడు.

ఇంతమంది వాదించినా, వాణ్ణి దించింది వీళ్లెవరూ కాదు. లండన్ బస్సు.

ఆ బస్సుల్లో చక్రాల కుర్చీ వాళ్లకని ఒక చోటు ఉంటుంది. ఎవరూ లేనప్పుడు బగ్గీ అక్కడ పెట్టుకోవచ్చు, కుర్చీ వస్తే బగ్గీ మడిచి తప్పుకోవాలి. ఇది ఆషామాషీ వ్యవహారం కాదు. 2012లో వెదర్బీ నుంచి లీడ్స్ పోయే బస్సు ఎక్కబోయిన డగ్ పాలీ అనే ఆయనకు ఆ చోటు దొరకలేదు. నిద్రపోతున్న బిడ్డతో బగ్గీ ఉందక్కడ, అది మడతపడదని తల్లి కదల్లేదు. ఆ తగవు బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా పోయి 2017 జనవరిలో తేలింది. డ్రైవర్ ఒక మాట అడిగి ఊరుకుంటే చాలదు, ఇంకాస్త పట్టుబట్టాలి అని. ఈ కథ అమ్మాయి చెప్పిన దగ్గర్నుంచి మా ఆవిడ బస్సెక్కితే ప్రశాంతంగా కూర్చోదు. స్టాపులో కుర్చీ కనిపించిందంటే డ్రైవర్ నోరు తెరవకముందే పిల్లాణ్ణి పైకి లాగి, బగ్గీ నా మీదికి తోసి, "కానీండి, మడవండి, కోర్టు గొడవలు మనకొద్దు" అంటుంది.

అలా లాగిన ఒక రోజున కింద సీటు ఖాళీ లేదు. మనవణ్ణి తీసుకుని నేను మెట్లెక్కాను. మేడ మీద, అన్నిటికంటే ముందు సీటు, పెద్ద అద్దం, కింద బుల్లి బుల్లి కార్లు. చెట్టు కొమ్మలు వచ్చి అద్దానికి తగిలినప్పుడల్లా వాడు తల వంచుకుంటున్నాడు. బగ్గీని మేడ మీదికి తేనివ్వరని, నడిచే పిల్లలకే ఈ సీటని చెప్పాను. వాడు ఒక్క క్షణం ఆలోచించాడు. ఇంటికొచ్చి వాళ్లమ్మతో, "నేను పెద్దాణ్ణయ్యా, బగ్గీ చిన్నపిల్లలకిచ్చెయ్" అన్నాడు. ఫ్రిజ్ మీది కాగితం ఆ రోజే తీసేసింది మా అమ్మాయి.

దిగాడు, సంతోషం. కానీ దిగిన పిల్లాడితో నడవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. రోడ్డు దాటే చోట స్తంభానికి బటన్ ఉంటుంది, అది నొక్కే హక్కు వాడిది. వేరే ఎవరైనా నొక్కితే దీపం మారినా దాటకూడదు, మళ్లీ ఎర్రదీపం వచ్చేదాకా ఆగి, వాడు నొక్కాక దాటాలి. వాన వెలిస్తే గోడల మీద నత్తలుంటాయి, ఒక్కొక్కదానికీ పేరు పెట్టి పలకరించాలి. నత్త మమ్మల్ని దాటి వెళ్లిపోయిన సందర్భాలున్నాయి. కూరగాయల కొట్టు మాకు పదినిమిషాల దూరం. పొద్దున టిఫిను చేసి బయల్దేరితే, కొన్న కూర రాత్రి భోజనంలోకి పనికొస్తోంది. బగ్గీ పిల్లాడి కాళ్ల కోసం కాదు, పెద్దవాళ్ల తొందర కోసం పుట్టిందని నా నిశ్చితాభిప్రాయం. రిటైరైనవాడికి తొందరేముంది అని మీరనొచ్చు. కుక్కర్‌లో పప్పు పెట్టి వచ్చినవాడికి ఉంటుంది.

ఇక బగ్గీ ఖాళీ అయింది, ఎవరికైనా అమ్మేస్తానన్నాడు అల్లుడు. రసీదు ఉందిగా, ధర కూడా బాగానే వస్తుందట. అప్పుడు బయటపడింది అసలు రహస్యం.

"అమ్మడమేమిటి? ఉండనీండి నాయనా" అంది మా ఆవిడ.

ఆరా తీస్తే సంగతి ఇదీ. ఆవిడ మోకాళ్లకు ఊతం కావాలని తెనాలిలోనే చెప్పారు. చేతికర్ర పట్టుకోమంటే, "నాకేం, ముసలిదాన్నా?" అని కొని తెచ్చిన కర్రతో బట్టలారేసే తీగ పైకెత్తింది. ఇక్కడికొచ్చాక బగ్గీ పిడి పట్టుకుని హౌన్‌స్లో హైస్ట్రీట్ ఈ కొస నుంచి ఆ కొస దాకా సునాయాసంగా తిరుగుతోంది. బరువు చేతుల మీదికి పోతుంది, నడుం నిలబడుతుంది, చూసేవాళ్లకు మనవణ్ణి తిప్పుతున్న అమ్మమ్మలా కనిపిస్తుంది. పరువుకు పరువు, ఊతానికి ఊతం. తోపుడు బండిని ఇన్నాళ్లూ తిట్టింది ఆవిడే, పొద్దున్నే దాని చక్రాలు తుడిచేదీ ఆవిడే. పిల్లాణ్ణి మూడు చక్రాల బండి పట్టుకుని నడవమన్న దేశం నుంచి వచ్చి, అరవై దాటాక నాలుగు చక్రాలది పట్టుకుని నడక నేర్చుకుంది.

ఇప్పుడు బగ్గీలో మనవడు లేడు, సొరకాయ ఉంది. పక్కన మెంతికూర, కొబ్బరికాయ. ఇంగ్లిష్ వాళ్లకు మర్యాద ఎక్కువ, బగ్గీ కనిపిస్తే వంగి లోపలి బిడ్డను పలకరించకుండా పోరు. ఒక పెద్దావిడ వంగి చూసి, సొరకాయను చూసి, బెల్టు కూడా బిగించి ఉండటం చూసి, ఏమీ అనకుండా "లవ్లీ" అని వెళ్లిపోయింది. మనవడు మాత్రం ఊరుకోడు. దారిన పోయేవాళ్లందరికీ, "అది నాది కాదు, అమ్మమ్మది" అని వివరణ ఇస్తాడు.

నడకకు ఊతం కావాల్సిన వాళ్ల కోసమే ఇక్కడ బ్రేకులూ, అలసిపోతే కూర్చోడానికి సీటూ ఉన్న నడక బండ్లు దొరుకుతాయని మా అమ్మాయి ఓ బొమ్మ చూపించి మెల్లగా చెప్పి చూసింది. ఆవిడ ఆ బొమ్మ వంక చూడను కూడా చూడలేదు. "అది ముసలివాళ్లదే. నాకు ఇది చాలు."

పోయిన ఆదివారం మినుములు వేయించింది. బండి దిగినందుకు ఏం వండాలో మన పెద్దలు చెప్పలేదు కనక, బగ్గీ దిగితే సున్నుండలు అని తనే శాస్త్రం రాసేసింది. పక్కింటి పంజాబీ వాళ్లకూ, ఎదురింటి పోలండ్ వాళ్లకూ పంచాలట.

"అమ్మా, నువ్వు కూడా మానేశాక చేస్తే రెండూ ఒకేసారి అయిపోతాయి కదే" అంది మా అమ్మాయి.

"నేనెప్పుడు ఎక్కానే, దిగడానికి?" అని, డబ్బా బరువుగా ఉందని బగ్గీలో కూర్చోబెట్టి, బెల్టు బిగించి, తోసుకుంటూ వెళ్లింది.