మిగతా 7లో

మా మామ లాంటి పత్రికా పాఠకుడు సంగారెడ్డి జిల్లా మొత్తం వెతికినా దొరకడు. పొద్దున ఆరింటికి బొంతపల్లి కమాన్ దగ్గరి చాయ్ హోటల్లో పేపరు ఆయన చేతిలో పడాలి, లోకం ఆయన తీర్పు కోసం ఆగాలి. ఢిల్లీ రాజకీయమైనా, లగ్నపత్రికల్లో తెలుగైనా, టమాట ధరైనా ఆయన మాట అప్పటికప్పుడు చాయ్ కంటే వేడిగా దిగుతుంది. జ్ఞాని, ధర్మాత్ముడు. ఊళ్లో వీరభద్రస్వామి తర్వాత అందరూ భయపడేది ఆయనకే.

ఇక అసలు సంగతి. మామ చదివేది హెడ్డింగు, దాని కింద నాలుగు వరుసలు. అంతే. ‘మిగతా 7లో’ అన్న మాట ఆయనకు పక్కవాడి పొలం గట్టు. దాటడు. మందుల కంపెనీలో బాయిలర్ దగ్గర పనిచేసిన రోజుల్లో అంటుకున్న అలవాటట ఇది. కంపెనీ బస్సు వచ్చేలోపు ఎంత చదివితే అంత. రిటైరై ఆరేళ్లయింది. ఆ బస్సు మాత్రం ఇంకా వస్తూనే ఉంది.

ఒకరోజు చదివే అలవాటు తగ్గిపోతోందని వ్యాసం వచ్చింది. హెడ్డింగు చూసి బల్ల మీద చేత్తో కొట్టాడు. “కరెక్టు రాసిండురా అల్లుడా! ఇయ్యాల రేపు ఎవ్వడు పూరా చదువుతలేడు.” అని పేపరు మడిచి పెట్టేశాడు.

నా కథ ‘అత్త గాజులు’ ఆదివారం అనుబంధంలో అచ్చయిన రోజు పొద్దున్నే ఫోన్ చేశాడు. నాలుగు మెచ్చుకోలు మాటలు ఆశించాను. “ఏందిరా, మీ అత్తకు గాజులు చేయిస్తివట, మాకొక మాట చెప్పకపోతివి?” ఆ రోజు నుంచి ఈ వ్యాసం నా కడుపులో ఉంది.

“పూర్తిగా చదివి మాట్లాడు మామా” అంటే సురవరం ప్రతాపరెడ్డిని అడ్డం తెస్తాడు. నైజాం ఇలాకాలో తెలుగు కవులే లేరని ఎవరో రాస్తే ఆయన ఊరుకున్నాడా అని. నిజమే, ఊరుకోలేదు. ‘గోలకొండ పత్రిక’ నడుపుతున్న ఆ పెద్దాయన 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి చేతిలో పెట్టాడు. ఒక మాట చదివి కోపం తెచ్చుకునేదాకా ఆయనా మామా ఒకటే. తర్వాత ఆయన ఊరూరి నుంచి కవుల్ని వెతికి తెచ్చాడు, మామ ఇంకో చాయ్ తెమ్మన్నాడు.

అయితే 2025 ఫిబ్రవరి సంగతి చెప్పకపోతే నాకే పాపం. ప్యారానగర్‌లో హైదరాబాద్ చెత్త పోస్తే ఊరుకోమని నల్లవల్లి, గుమ్మడిదల జనం రోడ్డెక్కారు. మామా వెళ్లి శిబిరంలో కూర్చున్నాడు, పేపరు చదివి వినిపించే పని మీదేసుకుని. మా ఇలాకాలో కంపెనీల వాసన ఏనాటి నుంచో పీలుస్తున్నదే, దాని మీద చెత్త కంపు కూడానా అని ఆయన బాధ. హెడ్డింగు ఖంగుమనిపించి పేపరు మడవబోతుంటే ముందు కూర్చున్న ముసలమ్మ గదిమింది. “ఆగు బిడ్డా, ఉన్నదంతా చదువు. మా భూముల ముచ్చట అది.” మామ కళ్లద్దాలు తుడుచుకుని ఏడో పేజీ తీశాడు. చివరి అక్షరం దాకా చదివాడు. గొంతు రెండుసార్లు పట్టేసిందట. తెల్లారి మళ్లీ హెడ్డింగు దగ్గరే ఆగాడనుకోండి.

నేనేం తక్కువ తినలేదు. మొన్న ఫోన్లో ‘ఇడ్లీ ఆరోగ్యానికి చేటా?’ అని కనపడగానే మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఇడ్లీ తరఫున పద్నాలుగు వరుసల వాదన పెట్టాను. సాయంత్రం మా అమ్మాయి వచ్చి, “నాన్నా, వాళ్లూ చేటు కాదనే రాశారు, కింద” అంది. అందరికంటే ముందు నా వాదనకు చప్పట్ల బొమ్మ పెట్టింది మామే. ఆయనా రెండు వరుసలే చదివుంటాడు.

అందుకే సంపాదకులకు చేతులు జోడించి ఒక మనవి. దయచేసి దీని మొదటి పేరా అయిపోగానే ‘మిగతా 7లో’ అని వేయండి. వచ్చే ఆదివారం నాకు మామ ఇంట్లోనే భోజనం.