పిలవని పువ్వు ఆత్మకథ

నల్గొండ పక్కనే పానగల్లులో ఒక సముద్రం ఉంది: ఉదయ సముద్రం. కందూరు చోడుల కాలంనాటి ఆ చెరువులో ఉన్నవి మంచినీళ్లే. ఉప్పు సముద్రం చూడాలంటే సూర్యాపేట, విజయవాడ దాటి బందరు దాకా పోవాలి. అలాంటి ఊళ్లో ఒక ఇంటి ముందుగదిలో, నాలుగడుగుల ఉప్పునీళ్ల గాజు తొట్టిలో కాపురం పెట్టిన ఐప్టేసియా తన కథ చెప్పుకుంటోంది. తాను పిలిస్తే వచ్చిన చుట్టాన్ని కానని ముందే చెప్పేస్తుంది. ఇంటాయన తొట్టిలోకి రాయి కొన్నాడు, ఆ రాయి సందులో తానూ వచ్చింది.

పుట్టుకతో అది సీ అనిమోన్. పగడాలకు, జెల్లీచేపలకు దాయాది. విచ్చుకున్నప్పుడు రెండు మూడు సెంటీమీటర్ల గోధుమరంగు పువ్వులా ఉంటుంది. రేకులు కావవి, పొడవుగా, సన్నగా, కొనదేరిన చేతులు. ఒళ్లు గాజులా పలచన. 2014లో శాస్త్రవేత్తలు దాని ప్రజాతి పేరును ఎగ్జాయిప్టేసియా అని మార్చారు గానీ, తొట్టెలు పెంచేవాళ్లు ఇంకా పాత పేరుతోనే తిడుతున్నారు.

మొదట్లో తిట్లేమీ లేవు. "అన్నా, రాయికి పువ్వు పూసింది" అని ఇంటాయన దుకాణదారుకు ఫోన్ చేసి మురిసిపోయాడట. పుల్లతో తాకి చూడమన్నాడు అవతలివాడు. తాకగానే తాను రెప్పపాటులో రాతి కన్నంలోకి ముడుచుకుపోయింది. ఆనవాలు దొరికిపోయింది. గొట్టపు పురుగులు కూడా అలాగే ముడుచుకుంటాయి కాబట్టి ఒక్క పరీక్షతో తేల్చకూడదు. కుచ్చు ఈకలా ఉండి, గొట్టంలోకి దూరితే అది అమాయకపు పురుగు. చేతులు పొట్టిగా, లావుగా, కొసల్లో ఉబ్బి, ఆకుపచ్చగా మెరిస్తే మహానో అనిమోన్. అదీ కలుపే, కాకపోతే అందగత్తె గనక కొన్నాళ్లు ముద్దుగా చూస్తారని ఐప్టేసియాకు కాస్త కడుపుమంట.

ఆనవాలు పట్టాక ఇంటాయన చేసిన పని చాకుతో గీకడం. ఐప్టేసియాకు అంతకన్నా ఏం కావాలి? మామూలుగానే అది రాతి మీద జరుగుతూ తన పాదం అంచు నుంచి చిన్న ముక్కలు వదిలిపోతుంది. ఒక్కో ముక్క కొన్నాళ్లకు నోరూ చేతులూ ఉన్న పూర్తి జీవి అవుతుంది. తొట్టిలోనే గీకి ముక్కలు నీళ్లలోకి వదిలితే రక్తబీజుడి నెత్తురు నేల మీద చిందించినట్టే. పైగా రేపితే తెల్లని దారాలు విసురుతుంది. వాటి నిండా కుట్టే కణాలే. పక్కనున్న పగడానికి అవి తగిలితే ఆ చోటు మాడిపోతుంది.

తిండికి లోటు లేదు. దాని ఒంట్లో కాపురముండే సూక్ష్మ శైవలాలు వెలుతురుతో చక్కెర వండిపెడతాయి, చేపలకు వేసిన మేతలో మిగిలింది అదనం. చుట్టాలు వచ్చినప్పుడల్లా పిల్లలు గుప్పెడేసి మేత వేసే ఇల్లు దానికి స్వర్గం.

ఇక నీళ్ల సంగతి. నల్గొండ బోరు నీళ్లంటే అందరికీ గుర్తొచ్చేది ఫ్లోరైడ్. ఐప్టేసియాకు మాత్రం అది పాత పరిచయమే; సముద్రపు నీటిలోనూ లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాములుంటుంది. ఇంటాయన ఆర్వో నీళ్లలో లీటరుకు 35 గ్రాముల సముద్రపు ఉప్పు మిశ్రమం కలిపేది ఫ్లోరైడ్‌కు భయపడి కాదు, బోరు నీళ్లలోని నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికాలకు భయపడి. 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ తాగునీటిలోంచి ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వాడే పద్ధతి తయారుచేసింది. దాన్ని లోకమంతా నల్గొండ టెక్నిక్ అంటుంది. ఆ సున్నమే తన మీదికీ రావడం ఐప్టేసియాకు తమాషాగా తోస్తుంది.

సున్నం దెబ్బ గట్టిదే. శుభ్రమైన కాల్షియం హైడ్రాక్సైడ్ పొడిని ఆర్వో నీళ్లతో చిక్కగా కలిపి సిరంజిలో నింపుతారు. పాన్ డబ్బా సున్నంలో ఇంకేమైనా కలిసి ఉండొచ్చు కనుక అది వద్దు. పంపులు ఆపి, సిరంజిని మెల్లగా దగ్గరికి తెచ్చి, ముడుచుకోకముందే నోటి మీద వదలాలి. మేత అనుకుని మింగుతుంది, లోపల కాలిపోతుంది. పావుగంట తర్వాతే పంపులు వేయాలి. ఆ ముద్ద పీహెచ్ 12 దాటుతుంది. తొట్టి నీళ్లకు ఉండాల్సింది 8.1 నుంచి 8.3. ఒకే పూట పదుల కొద్దీ కొడితే ముందు పోయేవి చేపలే. ఇంటాయన చేతికి తొడుగూ కళ్లకు అద్దాలూ పెట్టుకున్నాడు, అది మాత్రం తెలివైన పని.

మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటింది, కరెంటు పోయి నీళ్లు చల్లబరిచే చిల్లర్ ఆగింది. పగడాలు కుప్పకూలాయి. తాను శైవలాలను వదిలేసి తెల్లబోయింది గానీ బతికింది, మళ్లీ రంగు తెచ్చుకుంది. ఈ మొండితనం వల్లే ప్రయోగశాలల్లో దానికి గౌరవం. పగడాలు ఎందుకు తెల్లబడతాయో తెలుసుకోవడానికి దాన్నే పెంచుతారు. సౌదీలోని కౌస్ట్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల బృందం 2015లో దాని జన్యుపటం ప్రచురించింది.

అది నిజంగా భయపడేది బెర్గియాకు. వేలి గోరంత పెంకులేని నత్త, దానికి ఐప్టేసియా తప్ప ఇంకో తిండి లేదు. తిన్నదాని కుట్టే కణాలను దాచుకుని తన వీపు మీది కొమ్మల్లో ఆయుధాలుగా పెట్టుకుంటుంది. వేట అయిపోతే ఆకలితో చస్తుంది కాబట్టి తెలిసినవాళ్లు దాన్ని మరొకరి తొట్టికి చేరవేస్తారు. పెప్పర్‌మింట్ రొయ్య కూడా తింటుంది, బుద్ధి పుడితేనే. దాని పేరు చెప్పి ఒంటె రొయ్యను అంటగట్టే దుకాణాలున్నాయి. అది పగడాలనే కొరుకుతుంది.

ఇంతకీ తాను తొట్టెలకు చేరేదెలా? పగడాలను 2001లోనే వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు, మన తీరంలో వాటిని తుంచడం నేరం. అయితే సముద్రపు రాయే అక్కర్లేదు, సిమెంటుతో చేసిన రాయయినా మరొకరి తొట్టిలో నాని వస్తే చాలు దానికి. కొత్త రాయిని విడిగా ఉప్పునీళ్ల బకెట్లో, హీటరూ చిన్న పంపూ పెట్టి నాలుగైదు వారాలు ఉంచి, అడుగూ పక్కలూ తిప్పి చూస్తే తన జాతివాళ్లు చాలావరకు అక్కడే పట్టుబడతారు. అంత ఓపిక ఈ ఇంట్లో లేదని దాని ధీమా. నిన్ననే హైదరాబాద్ నుంచి ఇంకో రాయి వచ్చింది, సంచి విప్పి నేరుగా తొట్టిలో పెట్టేశారు.